బక్కపిల్లోని కవచం

అభిమన్యుని వేషం ఎప్పుడూ బక్కపిల్లోనికే పడుతుంది. కాస్త ఒళ్లున్న వాళ్లను భీమునికీ ఘటోత్కచునికీ ముందే తీసేసుకుంటారు మరి. మా తొండూరులో బడి వార్షికోత్సవం దగ్గర పడితే నా కుట్టుమిషను ముందు నిలబడే తల్లులు ఒకటే మాట అంటారు: "అన్నా, రెండేండ్లు పనికొచ్చేట్టు కొంచెం పెద్దదే చెయ్యి." యూనిఫారానికైతే ఆ లెక్క సరే. కవచానికి కుదరదు. వదులు ఉండాల్సింది నాడాల్లో, అట్టలో కాదు.

నాటకాలకు మా జిల్లాలో పెద్ద చరిత్రే ఉంది. పులివెందుల, వేంపల్లె దాటిపోతే చక్రాయపేట మండలంలో సురభి అనే ఊరు వస్తుంది. 1885లో అక్కడ ఒక పెళ్లిలో వనారస గోవిందరావు వాళ్లు కీచకవధ ఆడినారు. అంతవరకూ తోలుబొమ్మలాడించిన కుటుంబాలవి. బొమ్మ పక్కనపెట్టి తామే రంగు పూసుకున్నారు. ఆడవేషాలు ఆడవాళ్లే కట్టినారు, ఇంట్లో పిల్లలే లవకుశులు, కృష్ణులు, ప్రహ్లాదులు. తెలుగులో మొదటి టాకీ, 1932 నాటి భక్త ప్రహ్లాదలోనూ సురభి నటులు ఉన్నారు. ఊరూరా తిరిగే కంపెనీలో పిల్లోడు పెరిగినప్పుడల్లా కొత్త సామాను చేయించడం అయ్యే పనేనా? తాడు బిగించో, వదులు చేసో అదే నడిపి ఉంటారని నా లెక్క.

వేషం బరువు కాకూడదన్న సంగతి పాతవాళ్లకు బాగా తెలుసు. కూచిపూడి నగలకు బూరుగు లాంటి తేలిక కర్ర వాడేది అందుకే. నాకు అంత పనితనం లేదు, కిరాణా అంగడి అట్టపెట్టెలే గతి. అట్ట లోపలి గీతలు నిలువుగా వచ్చేట్టు కోస్తే ఛాతీ చుట్టూ చక్కగా వంగుతుంది, అడ్డంగా కోస్తే పలకలాగా నిలబడుతుంది. పైన చింతగింజల జిగురుతో పాత పేపరు రెండు పొరలు, ఆరినాక బంగారు కాగితం. ముందుదీ వెనకదీ వేరువేరు ముక్కలు, భుజాల మీదా పక్కలకూ నాడాలు. వీపు మీద నాడాలు ఒకదాన్నొకటి దాటి నడుముకు వస్తే కవచం జారదు. సంక కింద లోతుగా కోయాలి, లేకుంటే విల్లు ఎత్తగానే అట్ట పైకి లేచి గొంతుకు తగులుతుంది. అడుగు అంచు బొడ్డుకు పైనే ఆగాలి. కిందికి దించితే పిల్లోడు కూర్చున్నప్పుడు గడ్డం కవచంలో దూరుతుంది.

ఇంతా చేసినా బక్కపిల్లోని భుజం ఎముక మీద అంచు ఒరుసుకుంటుంది. దానికి మందు లోపలి బనీను. భుజాల దగ్గర దూది పెట్టి బొంతకుట్టు వేస్తాను. "దూది పెట్టి లావు చూపిస్తున్నావే" అని ఎగతాళి చేసేవాళ్లున్నారు. 1520 రాయచూరు యుద్ధం గురించి రాసిన పోర్చుగీసు నూనిజ్, రాయల సైనికులు పొరలు వేసి కుట్టిన అంగీలు తొడుక్కున్నారని చెప్పినాడు. నిజం యుద్ధానికే అట్లాంటివి పనికొస్తే బడి స్టేజీకి వచ్చే నామోషీ ఏముంది?

శ్రీరామనవమి నాటకానికి మాత్రం దూది తీసేస్తాను. మా ఎండలకు పాత లుంగీ గుడ్డ నాలుగు మడతలు చాలు. అది చెమట పీల్చుకుంటుంది, మరుసటి రోజు ఉతికి ఆరేసుకోవచ్చు.