భివండి చుట్టూ పరుగు దారులు: చెరువు గట్టు నుంచి మాథేరాన్ కొండ దాకా

భివండిలో మనవాళ్లకు నడక కొత్త కాదు. పన్నెండు గంటల షిఫ్టులో సాంచెల మధ్య అటూ ఇటూ తిరిగే మనిషి రోజూ కిలోమీటర్లకు కిలోమీటర్లు నడుస్తూనే ఉంటాడు. కానీ ఆ నడకంతా నాలుగు గోడల మధ్య, నూలు దుమ్ములో, చెవులు గింగురుమనే చప్పుడులో సాగుతుంది. కాళ్లు అరుగుతాయి తప్ప గుండెకు గానీ ఊపిరికి గానీ మేలు జరగదు. బయటికొస్తే రోడ్డు మీద టెంపోలు, కంటైనర్ లారీలు, సైజింగుల పొగ.

అందుకే మన పేటల్లో పొద్దున్నే పరుగు మొదలుపెట్టిన పిల్లలు, షుగరు వచ్చిందని డాక్టరు నడవమన్న పెద్దలు అడిగే ప్రశ్న ఒక్కటే: ఎక్కడ నడవాలి? ఆల్ప్స్ పర్వతాల్లో షామొనీ అనే ఊరు సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల పైన ఉంటుంది. అక్కడ ఇల్లు దాటితే కొండదారే. 2003 నుంచి ఏటా మోంబ్లా కొండ చుట్టూ సుమారు 170 కిలోమీటర్ల పరుగు పందెం కూడా అక్కడ జరుగుతోంది. మన భివండి సముద్రమట్టానికి కాస్త ఎత్తులోనే ఉన్న ఊరు. అయినా సహ్యాద్రి కొండలు మనకు మరీ దూరమేమీ కాదు. ఇంటి పక్క నుంచి మొదలుపెట్టి రైలెక్కి పోవాల్సిన చోటు దాకా, మనవాళ్లకు అందుబాటులో ఉన్న దారులను ఇక్కడ వరుసగా ఇస్తున్నాము.

మొదలుపెట్టే ముందు

ఏళ్ల తరబడి కార్ఖానాలో పనిచేసినవారు ముందు ఛాతీ చూపించుకోవాలి. సెలవు తర్వాత పనిలోకి దిగిన మొదటి రోజే ఛాతీ బిగుసుకుపోయి ఆయాసం ఎక్కువవుతుంటే, అది నూలు దుమ్ము వల్ల వచ్చే బిస్సినోసిస్ జబ్బు లక్షణం కావచ్చు. సిగరెట్, బీడీ తాగేవారికి ఇది ఇంకా ముదురుతుంది. అలాంటివారు పరుగు జోలికి పోకుండా ముందు డాక్టరును కలవాలి. షుగరు, బీపీ మందులు వాడేవారు కూడా అంతే.

రాత్రి షిఫ్టు దిగి నేరుగా పరుగుకు పోవద్దు. పడుకుని లేచి, సాయంత్రం ఎండ తగ్గాక వెళ్లండి. కొత్తవారు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక చొప్పున పదిసార్లు చేస్తే అరగంట గడిచిపోతుంది. వారానికి మూడు రోజులు చాలు. పక్కవారితో మాట్లాడుతూ పోగలిగినంత వేగమే సరైన వేగం. మాట తెగిపోతుంటే నెమ్మదించాలి.

1. వర్హాలదేవి చెరువు, కామత్‌ఘర్

పద్మానగర్, కామత్‌ఘర్ వాసులకు అన్నిటికన్నా దగ్గరి చోటు ఇదే. చెరువు ఒడ్డున వర్హాలదేవి గుడి ఉంది. ఇంత నీరు, ఇంత ఖాళీ ఆకాశం ఒకేచోట కనబడేది భివండి నడిబొడ్డులో ఇక్కడే. ఉదయం ఆరుకు ముందే పెద్దల నడక మొదలవుతుంది. ట్రాఫిక్ పెరగకముందే, అంటే ఏడున్నర లోపే ముగించుకోవడం మంచిది.

ఇక్కడ వేగం కన్నా రోజూ వెళ్లడం ముఖ్యం. ఒకే దారిలో తిరుగుతాం కాబట్టి అలసిపోతే ఇల్లు దగ్గరే. గణపతి నిమజ్జనం రోజుల్లోనూ, నవరాత్రుల్లోనూ జనం కిక్కిరిసి ఉంటారు. ఆ రోజుల్లో పరుగు పెట్టుకోవద్దు. వానాకాలంలో గట్టు మెట్లు పాచి పట్టి జారుతాయి, నీటి అంచుకు పోకండి. ఇది తాగునీటి చెరువు కూడా. కవర్లు, సీసాలు అక్కడ పడేస్తే చివరకు అవి మన కుండలోకే వస్తాయి.

2. ఖార్బావ్ పల్లె దారులు

అంజూర్ ఫాటా దగ్గరి భివండి రోడ్ స్టేషన్ దివా–వసై లైను మీద ఉంది. వసై వైపు తర్వాతి స్టేషనే ఖార్బావ్. అక్కడ దిగితే వరిపొలాలు, ఖాడీ గాలి, ఆగ్రీల పల్లెలు. చదునైన నేల కాబట్టి నాలుగైదు కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తడం నేర్చుకునేవారికి అనువుగా ఉంటుంది.

ఈ లైనులో రైళ్లు తక్కువ. తిరుగు రైలు వేళ చూసుకున్నాకే బయలుదేరండి. పెద్ద రోడ్డు మీదకు రాకుండా లోపలి దారుల్లోనే ఉండండి, గోదాముల లారీలు ఆ వైపూ తిరుగుతున్నాయి. పొలం గట్ల మీద పరుగు వద్దు. గట్టు తెగితే రైతుకు నష్టం, వానాకాలంలో పాముల భయం కూడా ఉంటుంది.

3. లోనాడ్ గుహల గుట్ట

నాసిక్ హైవే నుంచి లోపలికి పోతే లోనాడ్ వస్తుంది. గుట్ట మీద బౌద్ధ గుహ, ఊళ్లో శిలాహార రాజుల కాలం నాటి శివాలయం ఉన్నాయి. గుహలో ఖండేశ్వరి దేవిని కొలుస్తారు. గుట్ట చిన్నదే. ఎత్తు ఎక్కడం కాళ్లకు అలవాటు చేసుకోవడానికి బాగుంటుంది. ఎక్కేటప్పుడు నడవండి, చదునులో పరుగెత్తండి, దిగేటప్పుడు చిన్న అడుగులు వేయండి. మోకాళ్లు దెబ్బతినేది దిగేటప్పుడే.

ఒక హెచ్చరిక. ఇదే వైపు ఆమణే దగ్గర సమృద్ధి మహామార్గం మొదలవుతుంది. నాగపూర్ దాకా 701 కిలోమీటర్ల ఈ దారి 2025 జూన్‌లో పూర్తిగా తెరుచుకుంది. నున్నటి ఖాళీ రోడ్డని ఆశపడి దాని మీదకు ఎక్కవద్దు. అక్కడ పాదచారులకు, బైకులకు ప్రవేశం లేదు.

4. వజ్రేశ్వరి – అక్లోలి – గణేశ్‌పురి

ఇంటిల్లిపాదీ పోదగ్గ దారి ఇది. తాన్సా నది పక్కన ఈ మూడు ఊళ్లూ వరుసగా ఉన్నాయి. వజ్రేశ్వరి గుడికి 52 మెట్లు. 1739లో వసై కోటను పోర్చుగీసువారి నుంచి గెలిచిన చిమాజీ అప్పా మొక్కు తీర్చుకోవడానికి ఈ గుడి కట్టించాడని చెబుతారు. అక్కడి నుంచి గణేశ్‌పురి సుమారు రెండు కిలోమీటర్లు. గణేశ్‌పురిలో నిత్యానంద స్వామి సమాధి ఉంది. రానూపోనూ నాలుగైదు కిలోమీటర్లు తేలిగ్గా అవుతుంది. పరుగెత్తేవారు ముందు పోయినా నడిచే అమ్మానాన్నలు వెనకే వచ్చి కలుసుకోవచ్చు.

అక్లోలి, గణేశ్‌పురిల్లో వేడినీటి కుండాలు ఉన్నాయి. పరుగు అవగానే అందులోకి దిగవద్దు. నీళ్లు తాగి, పావుగంట కూర్చుని, చెమట ఆరాక దిగాలి. బీపీ, గుండె జబ్బు ఉన్నవారు ఎక్కువసేపు ఉండకూడదు. చైత్ర మాసం చివర అమావాస్య జాతర రోజుల్లో రోడ్డంతా జనమే, అప్పుడు దర్శనానికే వెళ్లండి.

5. మాహులి కోట

ఇది పరుగు దారి కాదు, కొండెక్కే దారి. 858 మీటర్లతో ఠాణే జిల్లాలో అన్నిటికన్నా ఎత్తయిన చోటు ఇదే. కళ్యాణ్ నుంచి కసారా లోకల్‌లో ఆసన్‌గావ్ దిగి, ఆటోలో మాహులి ఊరికి పోవాలి. శివాజీ తండ్రి శహాజీ 1636లో మొగలులతో, బీజాపూర్ సైన్యంతో పోరాడి చివరకు దిగివచ్చిన కోట ఇది.

ఎక్కడానికే రెండున్నర నుంచి మూడు గంటలు పెట్టుకోండి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు ఉండాలి. పైభాగంలో ఇనుప నిచ్చెన ఉంది. వానలో అక్కడ జారడం ప్రమాదం. ఒంటరిగా ఎవరూ వెళ్లవద్దు. పైన చార దారులు చాలా ఉంటాయి కాబట్టి దారి తెలిసిన ఊరి మనిషిని వెంట తీసుకుపోవడం మేలు. మధ్యాహ్నం దాటాక ఎక్కడం మొదలుపెట్టవద్దు.

6. మాథేరాన్

మన చుట్టుపక్కల అసలైన కొండపట్నం ఇదే. సుమారు 800 మీటర్ల ఎత్తు. 1850లో అప్పటి ఠాణే కలెక్టర్ హ్యూ మాలెట్ ఈ చోటును వెలుగులోకి తెచ్చాడు. నేరల్ నుంచి వచ్చే చిన్న రైలు 1907లో మొదలైంది. మోటారు బండ్లను ఊళ్లోకి రానివ్వరు. కార్లు దస్తూరీ నాకా దగ్గరే ఆగిపోతాయి. హారన్ల మోత మధ్య బతికే మనకు ఆ నిశ్శబ్దం మొదట వింతగా అనిపిస్తుంది. మాలో ఒకరు మొదటిసారి వెళ్లినప్పుడు చెవులు దిబ్బడేశాయేమో అనుకున్నారు. పక్షుల అరుపు వినబడ్డాక గానీ నమ్మలేదు.

భివండి నుంచి కళ్యాణ్‌కు బస్సు లేదా షేర్ ఆటో, కళ్యాణ్ నుంచి కర్జత్ లోకల్‌లో నేరల్, అక్కడి నుంచి షేర్ టాక్సీలో దస్తూరీ. మొదటి లోకళ్లలో బయలుదేరితే ఎండ ఎక్కకముందే కొండ మీద ఉండవచ్చు. దస్తూరీ నుంచి బజారు దాకా సుమారు మూడు కిలోమీటర్లు, చెట్ల నీడలో ఎర్రమట్టి దారి. అక్కడి నుంచి షార్లెట్ చెరువు, దాని పక్కన లోయ అంచున ఉన్న పాయింట్లు చూసి తిరిగి రావచ్చు. ఓపిక ఉన్నవారికి ఉత్తరాన పనోరమా పాయింట్ ఉంది.

మట్టి దారి కాబట్టి మోకాళ్లకు తారు రోడ్డు కన్నా సుఖం. అయితే గుర్రాలు ఎదురొస్తే పక్కకు తప్పుకుని నడవాలి. కోతుల ముందు తిండి పొట్లం తీయకూడదు. పాయింట్ల దగ్గర అంచులకు పరుగెత్తవద్దు, అక్కడ ఫోటో కోసం వెనక్కి అడుగు వేయడం అన్నిటికన్నా ప్రమాదం.

పోలీసు భర్తీకి సిద్ధమవుతున్న పిల్లలకు

మహారాష్ట్ర పోలీసు కానిస్టేబుల్ భర్తీలో మగపిల్లలకు 1600 మీటర్లు, ఆడపిల్లలకు 800 మీటర్లు పరుగు ఉంటుంది. దానికి 20 మార్కులు. 100 మీటర్ల పరుగుకు 15, గుండు విసరడానికి 15. వెరసి 50. కొండదారుల్లో దమ్ము పెరుగుతుంది గానీ టైము రావాలంటే కొలిచిన నేల మీద సాధన చేయాలి. 400 మీటర్ల ట్రాక్ దొరికితే నాలుగు చుట్లు వేస్తే 1600 అవుతుంది. వారంలో రెండు రోజులు ట్రాక్, రెండు రోజులు చెరువు దగ్గర నెమ్మది పరుగు, ఒక రోజు లోనాడ్ గుట్ట. ఇదొక పద్ధతి. రాతపరీక్ష మరాఠీలో ఉంటుందని మరువకండి. పరుగులో గెలిచి భాష దగ్గర ఆగిపోకూడదు.

ఏ నెలలో ఎక్కడ

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అన్ని దారులూ బాగుంటాయి. అయితే చలికాలం తెల్లవారుజామున పొగ, దుమ్ము నేలకు దగ్గరగా నిలిచిపోతాయి. కాబట్టి ఊళ్లో పరుగెత్తేవారు సూర్యుడు కాస్త పైకి వచ్చాక బయలుదేరడం మేలు. ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోత, ఏడు గంటల లోపే ముగించాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా చెరువు, ఖార్బావ్, వజ్రేశ్వరి చాలు. భారీ వర్షం హెచ్చరిక ఉంటే కొండలు, వాగులు వద్దు.

ఆడవాళ్ల మాట

మన ఇళ్లలో పొద్దున్నే నీళ్లు పట్టడం, డబ్బాలు కట్టడం ఆడవాళ్ల మీదే పడుతుంది. అందుకే చెరువు దగ్గర మగవాళ్లే ఎక్కువగా కనబడతారు. వారంలో రెండు రోజులు ఆ పనులు ఇంట్లో మగవాళ్లు అందుకుంటే, వదినా మరదళ్లు, అత్తా కోడళ్లు నలుగురు కలిసి వెళ్లవచ్చు. చీర మీదైనా నడవవచ్చు. కాలికి మాత్రం చెప్పుల బదులు బూట్లు ఉండాలి. గుంపుగా వెళితే భయం తగ్గుతుంది, రోజూ వెళితే చూసేవాళ్లకు కూడా అలవాటవుతుంది.

భివండి మన మూడు తరాలకు అన్నం పెట్టింది. బదులుగా మన పెద్దల ఊపిరిలో కొంత తీసుకుంది. పోయినదంతా తిరిగి రాదు, మిగిలినదాన్ని కాపాడుకోవడం మన చేతిలో ఉంది. మాథేరాన్ వచ్చే సెలవుకు పెట్టుకోండి. రేపు పొద్దున మాత్రం చెరువు దాకా వెళ్లి రండి.