సీసా ఉచ్చు నుండి ఎంపిక బోను దాకా: కందిరీగల అదుపు కథ

తేనెటీగ కుట్టినప్పుడు దాని ముల్లు మన చర్మంలోనే ఉండిపోతుంది, ఈగ మరణిస్తుంది. కందిరీగ అలా కాదు. ముల్లును వెనుకకు తీసుకొని అదే మనిషిని మరల మరల కుట్టగలదు. ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన కాలంలో నేనెరిగిన కందిరీగ ఇదే. తాటిచెట్టు మీద కుట్టించుకొని ముఖమంతా వాచి వచ్చిన గీత కార్మికులను చూశాను. కల్లు కుండ చుట్టూ కందిరీగలు ఎందుకు మూగుతాయో మన పల్లెవాసులకు ఎవరూ చెప్పనక్కరలేదు. పులిసిన తీపి వాసన వాటిని దూరం నుండే పిలుస్తుంది. ఈ చిన్న సత్యం మీదనే ఐరోపాలో తేనెటీగల పెంపకందారులు ఇరవై ఏళ్లుగా ఒక యుద్ధం నడుపుతున్నారు. పాఠకులారా, ఆ యుద్ధ చరిత్రలో మన ఆరోగ్యానికి సంబంధించిన విషయం కూడా ఉన్నది.

2004లో ఫ్రాన్సు నైరుతి భాగంలోని లాట్-ఎ-గారోన్ ప్రాంతంలో ఒక కొత్త కందిరీగ కనబడింది. నల్లని ఛాతీ, పసుపు కొనలు గల కాళ్లు దాని గుర్తులు. శాస్త్రీయ నామం వెస్పా వెలుటినా. చైనా నుండి ఓడలో దిగుమతి అయిన మట్టిపాత్రల నడుమ శీతనిద్రలో ఉండి వచ్చి ఉంటుందని పరిశోధకుల అభిప్రాయం. ఆ తరువాత జరిపిన జన్యుపరీక్షలు మరొక ఆశ్చర్యాన్ని బయటపెట్టాయి. పలు మగ ఈగలతో జతకట్టిన ఒకే ఒక్క రాణి నుండి ఈ సంతతి అంతా వచ్చి ఉండవచ్చునట! 2010లో స్పెయిన్‌కు, 2011లో పోర్చుగల్, బెల్జియంలకు, 2014లో జర్మనీకి, 2016లో బ్రిటన్‌కు ఆ సంతతి చేరింది.

ఇది తేనెపెట్టె గుమ్మం ఎదుట గాలిలో నిలబడి ఎగురుతుంది. మేతకు పోయి బరువుగా తిరిగివచ్చే ఈగను ఒడిసి పట్టి, తల, రెక్కలు, కడుపు త్రుంచివేసి, కండ గల ఛాతీని మాత్రం తన పిల్లలకు తీసుకుపోతుంది. చచ్చిన ఈగల లెక్కకన్నా భయం చేసే నష్టం పెద్దది. గుమ్మం ముందు శత్రువు కాచుకొని ఉంటే తేనెటీగలు బయటకు రావడమే మానుకుంటాయి. శీతకాలానికి కావలసిన ఆహారం కూడదు, పట్టు ఆకలితో నశిస్తుంది. ఆసియాలోని మన దేశవాళీ తేనెటీగలు ఈ శత్రువును యుగాలుగా ఎరుగును. వందల ఈగలు శత్రువును బంతిగా చుట్టుముట్టి, కండరాలు కదిలించి వేడి పుట్టించి చంపుతాయి. జపాన్ దేశపు తేనెటీగలు ఆ బంతి లోపల సుమారు 47 డిగ్రీల వేడి పుట్టిస్తాయని 1995లో అక్కడి శాస్త్రజ్ఞులు కొలిచి ప్రకటించారు. ఐరోపా ఈగకు ఈ విద్య సరిగా అబ్బలేదు.

కనుక మనుష్యులే పూనుకొన్నారు. ఫ్రాన్సు గ్రామాలలో ప్లాస్టిక్ సీసా మెడ కోసి, తలక్రిందులుగా దూర్చి, అందులో బీరు, తెల్ల ద్రాక్షసారా, పండ్ల పాకం కలిపి పోసి చెట్లకు వ్రేలాడదీశారు. సారా వాసనకు తేనెటీగలు దరిచేరవు, అందుకే దానిని కలిపేవారు. ఆలోచన మంచిదే. కాని సాయంకాలం సీసా విప్పి చూస్తే లోపల ఉన్నవేమిటి? ఈగలు, దోమజాతి కీటకాలు, చిమ్మటలు, సీతాకోకలు, అక్కడి స్వదేశీ కందిరీగలు. వెతికిన శత్రువు బహు స్వల్పం. ప్యారిస్‌లోని జాతీయ ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాల శాస్త్రవేత్తలు ఈ సీసాలను పరీక్షించి, ఇటువంటి విచక్షణ లేని ఉచ్చులు మేలుకన్న కీడే చేస్తాయని హెచ్చరించారు. యాంటీబయాటిక్స్ విచ్చలవిడిగా వాడి ప్రేగులలోని మంచి సూక్ష్మజీవులను కూడా హతమార్చే వైద్యం నాకు గుర్తుకు వస్తుంది.

మరొక చిక్కు ఉన్నది. వసంతంలో ఒక రాణిని చంపితే ఒక గూడు తగ్గినట్లే గదా అని మీరనవచ్చు. న్యూజిలాండ్ వారు కూడా అలాగే అనుకున్నారు. 1945లో విమాన భాగాల పెట్టెలతో జర్మన్ కందిరీగ ఆ దేశంలోని హామిల్టన్ పరిసరాలకు చేరింది. కొద్ది కాలానికే ప్రభుత్వం రాణికి ఇంత అని బహుమానం ప్రకటించింది, లక్షకు పైగా రాణులను ప్రజలు పోగుచేసి తెచ్చారు. కందిరీగలు మాత్రం తగ్గలేదు. కారణం కనుగొనడం కష్టం కాదు. ఒక్కొక్క గూడు శరత్కాలంలో వందల కొద్దీ కొత్త రాణులను విడిచిపెడుతుంది. వాటిలో అధికభాగం చలికి, ఆకలికి, గూటి కొరకు తమలో తాము చేసే పోరాటాలకు ఎలాగూ చచ్చిపోతాయి. మనం చంపినవి ఎక్కువగా ఆ చావవలసినవే. పైగా మిగిలిన రాణులకు పోటీ తగ్గించి పెట్టినవారం అవుతాం. వసంతకాలపు ఉచ్చులను గురించి ఐరోపాలో వాదం ఇంకా ముగియలేదు. క్రిందటి ఏడు గూడు ఉన్న చోటనే, తేనెపెట్టెల దాపుననే పెడితే ఫలితం ఉంటుందనే పక్షం కూడా బలంగానే ఉన్నది. ఊరంతా సీసాలు కట్టడం మాత్రం వృథా అనే నేను భావిస్తాను.

ఈ విమర్శల నుండే ఎంపిక బోను పుట్టింది. దాని సూత్రం మన జల్లెడ సూత్రమే. లోపలికి పోయే కన్నం ఆసియా కందిరీగకు సరిపడేంత మాత్రమే ఉంటుంది, దానికన్న లావైన ఐరోపా కందిరీగ దూరలేదు. ప్రక్కల సుమారు అయిదున్నర మిల్లీమీటర్ల రంధ్రాలుంటాయి, చిన్న కీటకాలు వాటి గుండా బయటపడతాయి. ఎర ద్రవం మీద జాలీ ఉంటుంది, కనుక ఏదీ మునిగి చావదు. బ్రిటనీ ప్రాంతపు తేనెటీగల పెంపకందారు డెనిస్ జాఫ్రే రూపొందించిన ఇటువంటి బోను 2018లో ప్యారిస్‌లోని కాంకూర్ లెపిన్ ఆవిష్కరణల పోటీలో ప్రథమ బహుమతి పొందింది. స్పెయిన్‌లో గలీసియా వారు మరొక త్రోవ పట్టారు. తేనెపెట్టెల నడుమ వీణ తీగల వలె సన్నని విద్యుత్తు తీగలు బిగించారు. తేనెటీగ వాటి సందులో నుండి సాగిపోతుంది. పెద్ద ఒడలు గల కందిరీగ రెండు తీగలనూ తాకి క్రింద పడుతుంది.

అమెరికా వాషింగ్టన్ రాష్ట్రంలో 2019 డిసెంబరులో ఇంకా పెద్దదైన వెస్పా మాండరినియా బయటపడింది. (సియాటిల్ పరిసరాలలో ఉన్న మన తెలుగువారు ఆ వార్తలు చదివే ఉంటారు.) అక్కడి అధికారులు ప్రజలచేత నారింజ రసం, బియ్యపు సారా కలిపిన సీసాలు పెట్టించారు. అయితే వారి ప్రధానోద్దేశం చంపడం కాదు, కనుగొనడం. ప్రాణాలతో చిక్కిన కందిరీగ నడుముకు పళ్లు శుభ్రపరచే దారంతో చిన్న రేడియో యంత్రం కట్టి విడిచిపెట్టి, 2020 అక్టోబరులో దాని వెంట గూటికి చేరారు. మరుసటి ఏడు మరికొన్ని గూళ్లు తొలగించారు. 2024 డిసెంబరులో ఆ కీటకం నిర్మూలనమైనదని ప్రకటించారు. మయోర్కా ద్వీపంలో కూడా గూళ్లు వెదకి తీసివేయడం వల్లనే 2020 నాటికి వెస్పా వెలుటినా లేకుండా పోయింది.

ఇక మా వృత్తి సంగతి. కందిరీగ విషం పడనివారికి అర్ధ శతాబ్దం పాటు వైద్యులు కీటకం మొత్తాన్ని నూరి తీసిన సారాన్ని ఇంజెక్షనుగా ఇచ్చారు. విషం ఒక్కటే ఇవ్వాలని 1950లలో మేరీ లవ్‌లెస్ అనే వైద్యురాలు కందిరీగలను కోసి విషపు సంచులు వేరుచేసి చెప్పినా, విన్నవారు తక్కువ. 1978లో జాన్స్ హాప్‌కిన్స్ బృందం చికిత్స పొందినవారిని నిజమైన కాటుకు గురిచేసి చూసింది. విషంతో చికిత్స పొందిన 18 మందిలో ఒక్కరికి మాత్రమే తీవ్ర చర్య కలిగింది. మొత్తం కీటకపు సారం పొందిన 11 మందిలో 7 గురికి, ఉత్త మందు పొందిన 12 మందిలో 7 గురికి కలిగింది. అంటే ఆ పాత మందు ఉత్త మందుతో సమానమే! సీసా నిండా చచ్చిన పురుగులను చూసి సంతోషించిన గ్రామస్థునికీ, ఆ ఇంజెక్షను ఇచ్చి తృప్తిపడిన వైద్యునికీ తేడా నాకు కనిపించదు.

మీ ఇంటి చూరులోనో, మామిడి కొమ్మలోనో గూడు కనిపిస్తే రాళ్లు రువ్వకండి, కాగడా పెట్టకండి. నేను చూసిన పెక్కు ప్రమాదాలు గూటిని కదిలించడం వల్ల జరిగినవే. కుట్టిన చోట వాపు, మంట ఉంటే చన్నీటి గుడ్డ చాలు. ఒళ్లంతా దద్దుర్లు, గొంతు బిగుసుకోవడం, ఆయాసం, వాంతులు, తల తిరగడం వంటివి కనిపిస్తే నాటు వైద్యాలతో కాలయాపన చేయకుండా తక్షణమే ఆసుపత్రికి తరలించాలి. అక్కడ మొదట ఇవ్వవలసినది తొడ కండరంలోకి అడ్రినలిన్. అలెర్జీ మాత్రలు, స్టెరాయిడ్లు దాని తరువాతనే. ఒకసారి అలాంటి తీవ్ర స్థితి ఎదుర్కొన్నవారు తేనెపెట్టెల దగ్గరకు, కల్లు చెట్ల దగ్గరకు ఒంటరిగా వెళ్లరాదు. అలెర్జీ నిపుణుని కలిసి విషచికిత్సను గురించి విచారించాలి.