హైదరాబాదు ముసల్మానులు - సర్కారు నౌకరీ



హైదరాబాదులో మన పెద్దలకు నౌకరీ అంటే సర్కారు నౌకరీయే. కచ్చేరీలో, కోర్టులో, పోలీసు ఠాణాలో రాతకోతలన్నీ ఉర్దూలోనే సాగేవి. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం సైతం పై చదువులు ఉర్దూలోనే చెప్పినది. ఉర్దూ వస్తే రొట్టెకు లోటు లేదనుకునేవారు.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగినది. నిజాం ఫౌజు రద్దయినది. 1949లో జాగీర్లు పోగా, వాటిని నమ్ముకున్న గుమాస్తాలు, నౌకర్లు వీధిన పడ్డారు. కచ్చేరీ రాత ఇంగ్లీషుకు మారింది. 1966 చట్టంతో తెలుగు అధికార భాష అయినది. చేతిలో సనదు ఉన్నా పని దొరకలేదు. కొందరు రిక్షా లాగారు, కొందరు చిన్న దుకాణాలు పెట్టుకున్నారు. 1973లో చమురు ధరలు పెరిగాక ఎందరో గల్ఫు దారి పట్టారు. దేశంలో సర్కారు నౌకరీలలో మన వాటా మన జనాభాకు తగినట్లు లేదని 2006లో సచార్ కమిటీ తేల్చినది.

2017లో తెలంగాణలో ఉర్దూ రెండవ అధికార భాష అయింది. సంతోషమే. నేను ఉర్దూ మీడియం పంతుల్ని, ఉర్దూ వదలమని ఎన్నడూ చెప్పను. కాని ఒక్క భాషనే నమ్ముకుంటే ఏమవుతుందో మన తాతలు చూశారు. పిల్లలకు తెలుగు కూడా గట్టిగా నేర్పించండి. అల్లా మన శ్రమలో బర్కత్ ఇచ్చుగాక. ఆమీన్.