అంబలి కుండ అడుగు: పెరటి కోడి చరిత్రలో ఒక పేజీ



మన ప్రాంత చరిత్ర అనగానే పితూరీలు, ముఠాదారులు, అటవీ చట్టాలు గుర్తొస్తాయి. అవి చదవాల్సినవే. అయితే ఏ పోటీ పరీక్షలోనూ ప్రశ్నగా రాని చరిత్ర ఒకటి మన వంటింటి మూలన, కుండలో ఉంది. ఈ సంచికకు కోళ్ల మేత గురించి రాస్తానంటే కొందరు నవ్వారు. నవ్వినా రాస్తున్నాను. పట్నాల్లో మేడ మీద నాలుగు కోళ్లు పెంచుకునేవాళ్లు ఇప్పుడు గింజలు పులియబెట్టి పెట్టడం ఫోన్లో చూసి నేర్చుకుంటున్నారు. మన హాస్టల్ పిల్లలు మాత్రం సెలవులకు ఇంటికెళ్లి అదే పులిసిన కుండ దగ్గర ముక్కు మూసుకుంటున్నారు. ఈ రెండూ ఒకే కాలంలో జరుగుతున్నాయి.

మొదట కోడి సంగతి చెప్పుకుందాం. ఇంటి కోడికి మూలం ఎర్ర అడవికోడి. 2020లో 863 కోళ్ల జన్యువులను పోల్చి చూసిన శాస్త్రవేత్తలు, ఇంటి కోడికి అతి దగ్గరి బంధువు నైరుతి చైనా, ఉత్తర థాయిలాండ్, మయన్మార్ అడవుల్లో తిరిగే ఉపజాతి అని తేల్చారు. 2022లో వచ్చిన మరో పరిశోధన, ఇంటి కోడివని గట్టిగా చెప్పగల అతి పాత ఎముకలు థాయిలాండ్‌లోని బాన్ నాన్ వాట్ అనే చోట దొరికాయంది. అవి క్రీ.పూ. 1650-1250 మధ్యవి. అడవికోడి మనిషి దగ్గరకు ఎందుకొచ్చింది అన్న ప్రశ్నకు వాళ్లిచ్చిన జవాబు మనకు బాగా అర్థమవుతుంది. మెట్ట వరి, చిరుధాన్యాలు పండించడం మొదలయ్యాక చేను అంచున రాలిన గింజలకు అలవాటు పడి అది ఊరి దాకా వచ్చిందట. పోడు చేను కాపలా కాసినవాళ్లకు ఇది కొత్త కాదు. గోదావరికి ఉత్తరాన ఉన్న మన కొండల్లో ఎర్ర అడవికోడి ఇంకా ఉంది, చోళ్లు, సామలు కోతకొచ్చే వేళ చేను అంచునే కనిపిస్తుంది.

అంటే కోడిని మనిషి పట్టి తెచ్చాడనడం సగం నిజమే. గింజ కూడా దాన్ని పిలిచింది.

ఇక కుండ దగ్గరకు వద్దాం. మన ఇళ్లలో "కోళ్లకు పులియబెట్టిన మేత" అని వేరే పేరు పెట్టి ఎవరూ చేయలేదు. మనిషి తిండి పులిసేది, అందులో మిగిలింది కోడికి చేరేది. చోడి పిండి నీళ్లలో కలిపి రాత్రంతా ఉంచి పొద్దున అంబలి కాచేవారు. కుండ అడుగున మిగిలిన పుల్లటి మడ్డిలో తవుడో, సామల చిట్టో, నూకలో కలిపి పెరట్లో పోసేవారు. గంజి పులిసినా అంతే. కొన్ని ఇళ్లలో చోళ్లతో కల్లు కాసేవారు, ఆ పిప్పి కోళ్లకూ పందులకూ వెళ్లేది. ఇప్పపువ్వు పిప్పీ పారేసేవారు కాదు. ఇంట్లో ఏదీ వృథా పోకూడదన్న లెక్క అది, దానికి శాస్త్రం పేరు ఎవరూ పెట్టలేదు.

అయితే ఆ లెక్కలో శాస్త్రం ఉంది. చోళ్లలో 100 గ్రాములకు దాదాపు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు. కానీ గింజ పై పొరల్లో ఫైటిక్ ఆమ్లం అనే పదార్థం ఆ కాల్షియాన్ని, ఇనుమును, భాస్వరాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైము కోడి కడుపులో చాలినంత లేదు. గింజ నానినప్పుడు, పులిసినప్పుడు గింజలోని ఎంజైమూ సూక్ష్మజీవులూ కలిసి ఆ పట్టును సడలిస్తాయి. గుడ్డు పెంకు కట్టడానికి పెట్టకు కావలసింది కాల్షియమే కదా. పులుపు వల్ల ఇంకో మేలు ఉంది. పెరుగు తోడుకున్నట్టే ఇక్కడా లాక్టిక్ ఆమ్లం పుడుతుంది, ఆ పులుపులో సాల్మొనెల్లా లాంటి చెడ్డ బాక్టీరియా పెరగడం కష్టం.

పులియబెట్టే విద్య మన దగ్గర చిన్న విషయం కాదని చెప్పడానికి ఒక్క ఉదాహరణ ఇస్తాను. 1879 రంప పితూరీ కారణాల్లో కల్లు మీద పన్ను ముఖ్యమైనది. ఇంటి అవసరానికి చెట్టు గీసుకుని కల్లు తాగే హక్కును కొత్త అబ్కారీ నిబంధనలు కాదన్నాయి, పన్ను వసూలు కాంట్రాక్టర్ల చేతికి పోయింది. తిండికీ పండగకీ సంబంధించిన పులుపు సర్కారు ఆదాయంగా మారింది. పాఠ్యపుస్తకంలో ఇది ఒక్క వాక్యంలో అయిపోతుంది. మా హాస్టల్ పిల్లలకు చెప్పేటప్పుడు నేను ఆ వాక్యం దగ్గర ఆగుతాను.

ఇప్పుడు కథ అమెరికా వెళుతుంది. అక్కడ కూడా ఒక తెలుగువారున్నారు.

1940ల్లో కోళ్ల పెంపకం అక్కడ పెద్ద పరిశ్రమ అవుతోంది. సోయా, మొక్కజొన్న లాంటి మొక్కల మేత మాత్రమే పెడితే కోడిపిల్లలు సరిగా ఎదగడం లేదు. చేపపొడి, కాలేయం లాంటివి కలిపితే ఎదుగుతున్నాయి. ఆ తేడాకు కారణమైన పదార్థం 1948లో విడిగా దొరికింది, అదే విటమిన్ బి12. దాన్ని తయారుచేసేది సూక్ష్మజీవులే. న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్లో లెడర్లీ కంపెనీ ప్రయోగశాల ఉండేది. అక్కడ పరిశోధనలకు అధిపతి 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన నాయకత్వంలోనే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కనిపెట్టారు. 1948లో అది లోకానికి తెలిసింది, ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు.

మందు తీశాక తొట్టిలో మిగిలిన పిప్పి ఉంటుంది కదా. అందులో బి12 ఉంటుందని అదే ప్రయోగశాలలోని థామస్ జ్యూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ దాన్ని కోడిపిల్లలకు పెట్టి చూశారు. పిల్లలు అనుకున్నదానికంటే ఎక్కువ ఎదిగాయి. కొంత పరిశీలించాక తెలిసిందేమిటంటే, ఆ అదనపు ఎదుగుదల విటమిన్ వల్ల కాదు, పిప్పిలో మిగిలిపోయిన కొద్దిపాటి యాంటీబయాటిక్ వల్ల. 1950లో ఆ సంగతి ప్రకటించారు. 1951లో అమెరికా ప్రభుత్వం మేతలో యాంటీబయాటిక్‌లు కలపడానికి అనుమతిచ్చింది. ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది.

ఇక్కడ జాగ్రత్తగా చదవండి. మన కుండ అడుగు మడ్డీ, ఆ తొట్టి అడుగు పిప్పీ రెండూ పులిసినవే, కానీ రెండూ ఒకటి కాదు. ఒకదానిలో ఉన్నది పులుపు, రెండోదానిలో ఉన్నది మందు. రోజూ కొద్దికొద్దిగా మందు తిన్న కోళ్లలో ఆ మందుకు లొంగని బాక్టీరియా తయారైంది. అది మనుషులకూ ముప్పేనని బ్రిటన్‌లో 1969లోనే స్వాన్ కమిటీ హెచ్చరించింది. 1986లో స్వీడన్, 2006 జనవరి 1 నుంచి యూరోపియన్ యూనియన్ మొత్తం, ఎదుగుదల కోసం యాంటీబయాటిక్‌లు కలపడాన్ని ఆపేశాయి. మన దేశం 2019లో కొలిస్టిన్ అనే మందును పశువులకూ కోళ్లకూ వాడకుండా నిషేధించింది. మందు మానేశాక ఏం పెట్టాలని వెతికినవాళ్లు చూసిన దారుల్లో పులియబెట్టిన మేత ఒకటి. పట్నం మేడ మీద వీడియో వెనక ఇంత కథ ఉంది.

1973లో ఫిన్లాండ్‌లో ఎస్కో నుర్మి, ఆయన సహచరుడు రంటాలా ఇంకో సంగతి చూపించారు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కోళ్ల పేగుల్లోని సూక్ష్మజీవులను అప్పుడే పుట్టిన పిల్లలకు ఇస్తే సాల్మొనెల్లా పట్టడం తగ్గుతుంది. యంత్రంలో పొదిగిన పిల్లకు తల్లి ఉండదు, ఆ మంచి సూక్ష్మజీవులు దానికి దొరకవు. మన పెట్ట 21 రోజులు పొదిగి, పిల్లల్ని వెంటేసుకుని పెంటకుప్ప మీద కాళ్లతో గీరి, చెదలు చూపించి పిలుస్తుంది. బి12 కోసం పెర్ల్ రివర్ వెళ్లక్కర్లేదు, ఆ కుప్పలోనే ఉంది.

అలాగని పెద్దవాళ్లు చేసిందంతా సరైనదేనని నేననను. పులుపు వేరు, బూజు వేరు. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చచ్చిపోయాయి. చివరికి బూజు పట్టిన వేరుశనగ చెక్క మేతలో విషం ఉందని తేలింది. అదే అఫ్లాటాక్సిన్. వానాకాలంలో తడిసి బూజెక్కిన మొక్కజొన్న, చెక్క "కోళ్లే కదా" అని వేయడం మన ఊళ్లలో నేను చూస్తూనే ఉన్నాను. పులియబెట్టినంత మాత్రాన ఆ విషం పోతుందని నమ్ముకోవద్దు. ఇంకోటి, పులిసిన మేత కొక్కెర తెగులును ఆపలేదు. కుమావూన్ కొండల్లోని రాణీఖేత్ పేరుతో పిలిచే ఆ వైరస్ జబ్బుకు టీకా ఒక్కటే దారి. మొదటి వారంలో చుక్కలు, 8 వారాలకు సూది. పశువైద్యశాలలో అడగండి. ఒక్క వేసవిలో ఊరి కోళ్లన్నీ పోతే కొత్త పంట పండగకు కోడి కొనాల్సి వస్తుంది.

2019 పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్లు 31.7 కోట్లు, ముందటి గణన కంటే దాదాపు 46 శాతం ఎక్కువ. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో తయారైన వనరాజా లాంటి రకాలు మన గూడేలకూ వచ్చాయి. గుడ్లు ఎక్కువే పెడతాయి, కానీ పొదగవు. ప్రతిసారీ పిల్లలు బయటి నుంచే రావాలి. నాటు పెట్ట ఏడాదికి యాభై అరవై గుడ్లే పెట్టినా తన పిల్లల్ని తానే తెచ్చుకుంటుంది. హాస్టల్ మెనూలో మన పిల్లలకు గుడ్డు ఉండటం మంచిదే, కాని ఆ గుడ్డు కొండ దిగువ నుంచి ట్రేల్లో ఎక్కి వస్తుంది. బియ్యం కడిగిన నీళ్లేమో కాలువలో పోతున్నాయి.

చేసి చూడాలనుకునేవాళ్లకు కొలత చెబుతాను. కిలో చోళ్లు, నూకలు, సామల చిట్టు కలిపిన మేతకు లీటరున్నర నీళ్లు. గింజ మీద రెండు వేళ్ల ఎత్తున నీళ్లు నిలవాలి, పైకి తేలితే బూజు పడుతుంది. గింజ నీళ్లు పీల్చుకుంటే మళ్లీ పోయండి. మట్టి కుండైనా ప్లాస్టిక్ బకెట్టయినా సరే, ఇనుప, అల్యూమినియం గిన్నెలు వద్దు. మీద మూత వదులుగా పెట్టి పూటకోసారి కలపండి. వేసవిలో ఒకటిన్నర రోజు, చలికాలంలో మన కొండల మీద మూడు నాలుగు రోజులు పడుతుంది. పుల్లటి వాసన, చిన్న బుడగలు వస్తే తయారైనట్టు. నల్లని, పచ్చని బూజు కానీ కుళ్లు వాసన కానీ ఉంటే మొత్తం గోతిలో పూడ్చేయండి. తిరిగి మేసే కోడికి సాయంత్రం గుప్పెడు చాలు, అరగంటలో తినగలిగినంతే వేయండి. కుండ అడుగున ఒక గరిటె పుల్లనీళ్లు ఉంచితే తర్వాతి విడతకు అదే తోడు.

ఈ సెలవులకు ఇంటికెళ్లినప్పుడు అవ్వనో పెద్దమ్మనో అడగండి. ఆ మడ్డిని మీ భాషలో ఏమంటారు, ఏ గింజ కలిపేవారు, పిల్లల కోడికి వేరుగా ఏం పెట్టేవారు, ఏ నెలలో ఆపేసేవారు. కువిలోనో ఆదివాసీ ఒడియాలోనో గదబలోనో ఆమె చెప్పిన మాటను అలాగే తెలుగు లిపిలో రాసుకుని, ఊరి పేరు వేసి సంఘానికి పంపండి. వచ్చే సంచికలో వరసగా వేద్దాం.