మడమ పక్కనే తిరిగే చక్రం

తెనాలి కాలవగట్టు మీద సైకిల్ కొట్టు. మీ 28 అంగుళాల పాత సైకిలు స్టాండు మీదుంది. కొట్టాయన వెనక చక్రాన్ని ఒక్క తిప్పు తిప్పి, బొప్పాయి కాడను పుల్లల మధ్యకు పోనిస్తాడు. మీరు రెప్ప వేసేలోగా చక్రం దాన్ని లాక్కుపోయి ఫోర్కుకేసి నలిపేస్తుంది. పాలు ఆయన వేళ్ల మీద చిమ్ముతాయి.

"క్యారేజీ మీద కూచున్న పిల్ల మడమ సరిగ్గా ఇక్కడికే వస్తుందండీ" అంటాడు.

మీ నాలుగేళ్ల పాప వంక చూస్తారు. వెనక చక్రానికి 40 పుల్లలు. గంటకు 12 కిలోమీటర్లు, అంటే నింపాదిగా తొక్కినా, సెకనుకు దాదాపు 60 పుల్లలు ఆ మడమను రాసుకుంటూ పోతాయి. "గట్టిగా పట్టుకోమ్మా" అని చెప్పి తొక్కేయడం జాగ్రత్త కిందికి రాదు. చేతులు పట్టుకున్న పిల్ల కాళ్లు ఊపుతూనే ఉంటుంది.

ఆయన చక్రానికి రెండువైపులా జాలీ బిగిస్తాడు, మడ్‌గార్డు నుంచి ఇరుసు దాకా. క్యారేజీ మీద వీపు ఆనే సీటు, పాదాలు పెట్టుకోవడానికి చిన్న తొట్లు, వాటికి పట్టీలు. నట్లు బిగించాక సీటు పట్టుకుని సైకిలంతా కదిలేలా గుంజుతాడు. మీ చేత కూడా గుంజిస్తాడు. కదల్లేదు.

ఇప్పుడు ఎక్కాలి. వెనకనుంచి కాలు తిప్పి ఎక్కే అలవాటు ఈ క్షణంతో సరి. ఆ కాలు పాప మొహానికే తగులుతుంది. సైకిలు వంచి, బారు మీదుగా కాలు వేసి, రెండు పాదాలూ నేలకు ఆనించి నిలబడండి. కొట్టాయన హ్యాండిల్ పట్టుకుంటే వాళ్లమ్మ పాపను కూచోబెట్టి, నడుం బెల్టు వేసి, పాదాల పట్టీలు బిగిస్తుంది. హెల్మెట్ పట్టీ గడ్డం కింద ఒకటి రెండు వేళ్లు దూరేంత వదులు చాలు. చున్నీ వేలాడుతోందేమో చూసి ముడేస్తుంది. ఏడాది నిండని చిన్నవాడు ఆమె చంకలోనే ఉంటాడు. గతుకుల్లో తల అదురు తట్టుకునే బలం ఆ మెడకింకా రాలేదు.

కదిలారు. బరువంతా వెనకుంది, ముందు చక్రం తేలిగ్గా అటూ ఇటూ పోతోంది. కంకర కనబడగానే, ఎప్పటికంటే ముందుగా, వెనక బ్రేకు మెల్లగా నొక్కండి. వంతెన దాటేసరికి పాప మాటలు ఆగిపోయాయి. తిరిగి చూస్తే తల ఒరిగిపోతోంది. ఆగి దిగండి, నడిపించుకుపోండి. బడికి అయిదు నిమిషాలు ఆలస్యమైతే కొంప మునగదు.

గేటు దగ్గర ముందు పాపను దించి, తర్వాతే స్టాండు వేస్తారు. పక్కనే ఇంకో తండ్రి వొట్టి క్యారేజీ మీంచి కొడుకును దించుతూ మీ చక్రం వైపు చూస్తాడు.

"ఆ జాలీ ఎక్కడ వేయించారండీ?"

"కాలవగట్టు మీద. ఇప్పుడే వెళ్లి వేయించేయండి, సాయంత్రం బాబు దీని మీదే కదా ఇంటికి రావాలి."