అన్నకు రాచకొండ, తమ్ముడికి దేవరకొండ

అమ్రాబాద్ నుంచి అచ్చంపేట, డిండి దాటితే దేవరకొండ వస్తుంది. ఆ కోట గురించి చాలామందికి ఒక సందేహం. రేచర్ల పద్మనాయకుల రాజధాని రాచకొండ కదా, మరి దేవరకొండలో ఉన్నదెవరు? ఈ భాగంలో అదే చూద్దాం.

1323లో ఓరుగల్లు పడిపోయింది. ఆ తర్వాత కాకతీయుల కింద పనిచేసిన నాయకులు ఎక్కడివాళ్లక్కడ ప్రభువులయ్యారు. వాళ్లలో రేచర్ల సింగమనాయకుడు ఒకడు. 1361లో జల్లిపల్లి కోట ముట్టడిలో ఉండగా ఆయన్ని చంపేశారు. కొడుకులు ఇద్దరు, అనపోతానాయకుడు, మాదానాయకుడు. తండ్రి పోయాడు, చుట్టూ శత్రువులే. ఇలాంటప్పుడు అన్నదమ్ములు గద్దె కోసం కొట్టుకున్న కథలు మనకు తెలియనివి కావు. వీళ్లు మాత్రం కలిసి తండ్రి పగ తీర్చుకున్నారు. అన్న రాచకొండలో, తమ్ముడు దేవరకొండలో ఉన్నారు.

1368లో భీమవరం దగ్గర ముసునూరి కాపయనాయకుడు యుద్ధంలో చనిపోయాక ఓరుగల్లు కూడా అనపోతానాయకుడికి దక్కింది. అయినా దేవరకొండ మాదానాయకుడి సంతతికే ఉండిపోయింది. రాచకొండలో అనపోతానాయకుడి తర్వాత ఆయన కొడుకు సింగభూపాలుడు వచ్చాడు. రసార్ణవసుధాకరం రాసినాయన ఈయనే.

రాజ్యాన్ని పంచితే బలం తగ్గదా అని మీరు అడగొచ్చు. దానికి దూరదేశం నుంచి ఒక ఉదాహరణ చెప్తాను. అదే కాలంలో గ్రీసు దక్షిణాన, మిస్త్రాస్ అనే కొండకోట నుంచి బైజాంటిన్ రాజకుమారులు మొరియా ప్రాంతాన్ని ఏలేవారు. 1453లో కాన్‌స్టాంటినోపుల్ పోయింది, చక్రవర్తి యుద్ధంలోనే చనిపోయాడు. మొరియాలో ఆయన తమ్ముళ్లు థామస్, దెమెత్రియోస్ మిగిలారు. వాళ్లూ భూమి పంచుకున్నవాళ్లే. కానీ ఒకరితో ఒకరు యుద్ధానికి దిగారు. దెమెత్రియోస్ తమ్ముడి మీదికి తురుష్కుల సాయం కోరాడు. 1460లో సుల్తాన్ వచ్చి మిస్త్రాస్‌ను తనే తీసుకున్నాడు.

దేవరకొండవాళ్లూ బయటి సాయం అడిగారు. 1459 ప్రాంతంలో బహమనీ సైన్యం ముట్టడించినప్పుడు ఒడిశా గజపతులను పిలిచారు. ముట్టడి విరిగింది. ఆ సాయం ఊరికే రాలేదు, 1460లో ఓరుగల్లు గజపతుల వశమైంది. కానీ తేడా గమనించండి. వీళ్లు సాయం అడిగింది శత్రువు మీదికి, తోబుట్టువు మీదికి కాదు.

రాజ్యాలు పోయినా శాఖలు మిగిలాయి. అమ్రాబాద్‌కు పడమట ఉన్న కొల్లాపూర్‌లో జటప్రోలు సంస్థానం వెలిసింది, నెల్లూరు వైపు వెంకటగిరి. రెండు వంశాలూ తమది రేచర్ల మూలమే అంటాయి. 19వ శతాబ్దం చివర జటప్రోలులో వారసుడు లేకపోతే వెంకటగిరి నుంచే ఒక కుర్రవాణ్ని దత్తత తెచ్చుకున్నారు. ఆయనే రాజా సురభి వెంకటలక్ష్మారావు.

ఒక కొమ్మ ఎండితే ఇంకో కొమ్మ నుంచి తెచ్చి అంటుకట్టారన్నమాట. అలా తెచ్చుకోవాలంటే ఆ రెండో కొమ్మను ఎవరూ నరికి ఉండకూడదు కదా. ఈసారి దేవరకొండ ఎక్కినప్పుడు ఈ మాట గుర్తుచేసుకోండి. వచ్చే భాగంలో మళ్లీ కలుద్దాం. సెలవు.