ఎదుర్లంక రేవు

కోనసీమలో మురమళ్ల నుండి ఎదుర్లంకకు పోవు రోడ్డు కొద్ది మైళ్లది. ఒకప్పుడు ఆ రోడ్డు గౌతమీ గోదావరి గట్టున ఆగిపోయెడిది. ఆవలి ఒడ్డున యానాం కన్నులకు కనబడుచుండెను. గాని కాళ్లకు అందెడిది కాదు.

పూర్వము ఆ యేరు దాటుట వేరొక దొరతనములోనికి పోవుటయే. ఈవల 1947 వరకు ఆంగ్లేయుల పాలన. ఆవల 1954 వరకు ఫ్రెంచివారి పాలన. 1929లో శారదా చట్టము బాల్యవివాహములను నిషేధింపగా, ఆ చట్టము చెల్లని యానామునకు అనేకులు తమ పసిపిల్లలను తీసికొనిపోయి పెండ్లిండ్లు చేసిరి. అందుచేత ఆ ఊరికి కల్యాణపురమను పేరు కూడ కలిగెను. పెద్దలకు రేవు దొరికెను; ఆ పసివారికి మాత్రము తిరుగుదారి దొరకలేదు.

తరువాత దొరతనములు మారెను గాని యేరు మారలేదు. కాకినాడ ఆసుపత్రికి పోవలసిన రోగి పంటు మీదనో పడవలోనో దాటవలెను. కాదేని రావులపాలెం మీదుగా చుట్టు తిరిగి పోవలెను. వరద పొంగినప్పుడు పడవ కదలదు. నొప్పులు పడుచున్న తల్లికి ఆ గట్టు మీద గడియ యొక యుగము.

ఈ ఎదుర్లంకలోనే 1951లో జి.ఎం.సి. బాలయోగిగారు జన్మించిరి. కాకినాడలో న్యాయవాదిగా పనిచేసి, 1998లో లోక్‌సభ స్పీకరైరి. దళితులలో ఆ పీఠము నెక్కిన మొదటివారు ఆయనయే. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టరు ప్రమాదములో మరణించిరి. ఆ యేడే యానాం, ఎదుర్లంకల నడుమ వారధి తెరువబడెను. దానికి ఆయన పేరే పెట్టిరి. నేడు ఏ కులమువాడైనను ఆ పేరు మీదుగానే నది దాటుచున్నాడు.

అయినను మనము అతిశయపడకుందము. అదే కోనసీమలో, 2022లో జిల్లాకు అంబేద్కరు పేరు చేర్చ ప్రతిపాదింపగా, అమలాపురములో ఇండ్లకు నిప్పు పెట్టిరి. రాతితోను ఇనుముతోను ఒడ్డులు కలిసెను. మనుష్యులు ఇంకను కలియవలసియున్నది.

మన గ్రామములలో ఊరికిని పేటకును నడుమ ఉన్న రోడ్డు ఎదుర్లంక రోడ్డుకంటె చిన్నది. దాని మీద యేరు లేదు, వరద లేదు, పంటుకై కనిపెట్టుకొనవలసిన పని లేదు. దానిని దాటి అవతలి యింట కూర్చుండి ఒక పూట భోజనము చేసినవారు మనలో ఎందరు? ఈ మాట మొదట నన్ను నేనే అడుగుకొనుచున్నాను.